కొత్తగూడ సారు పానాల సంచి

మొదటే ఒక మాట చెప్పేస్తాను. సొంతంగా మోటారు సైకిలు బాగుచేసుకుందామని ముచ్చటపడేవాళ్లు స్క్రూ పానా కొనకండి. మర తిప్పితే దాని నోరు పెద్దదీ చిన్నదీ అవుతుంది, అన్ని నట్లకూ అదొక్కటి చాలని దుకాణంవాడు ఊదరగొడతాడు. చాలదు. అది ఏ నట్టునూ నిండుగా పట్టదు. నాలుగుసార్లు జారిందంటే నట్టు మూలలన్నీ అరిగి గోలీకాయ అయి కూర్చుంటుంది. ఇక దాన్ని విప్పాలంటే ఉలి పట్టాలి, లేదా గ్యాసు మంట పెట్టాలి.

ఈమధ్య జనగామలో కొత్తగా షెడ్లు పెట్టుకున్న కొందరు నా దగ్గరికి వచ్చారు. "పెద్దనాయినా, గిరాకులు ఇంట్లనే రిపేరు చేస్కుంటమంటున్నరు. ఏ సామాను కొనుమని చెప్పాలె? జర రాసియ్యరాదే" అని అడిగారు. రాసివ్వగలను. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని అదే. కాని రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఒక పానా పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోతున్నది. దాని సంగతి దాచిపెట్టి మిగతావి చెబితే నేను మళ్లీ అబద్ధమాడినట్టే. నా మూలంగా ఒక ఇల్లు పాడైంది. అదెట్లా జరిగిందో కూడా ఇందులో రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, ఆ తప్పు మాత్రం మీరు చెయ్యకండి.

ఉస్తాదు షెడ్డు

1969లో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. ఊరేగింపులు, రైలు పట్టాల మీద బైఠాయింపులు, లాఠీలు. నాకప్పుడు పదిహేడేళ్లు. జనగామలో గది తీసుకొని చదువుకుంటున్నాను. మా బాపు పెద్దవంగర నుంచి వచ్చి, బస్టాండు వెనక ఖాసీం ఉస్తాదు షెడ్డు ముందు నన్ను నిలబెట్టాడు. "బడి తెరిచేదాక ఊకె తిరిగి దెబ్బలు తినుడెందుకు? గీడ కూసొని పని నేర్వు" అన్నాడు. బడి తెరిచారు. నేను మళ్లీ పోలేదు. ఏడాది చదువు మట్టిలో కలిసిందని ఏడ్చిన దోస్తులున్నారు. నాకు ఆ బాధ తెలియలేదు. ఇంజను మూత విప్పితే లోపల ఏది దేన్ని తిప్పుతున్నదో పుస్తకంలోకన్నా తేటగా కనబడింది.

ఉస్తాదు మాటలు తక్కువవాడు. ముందుగా నేర్పింది బండి విప్పడం కాదు, పానా ఏరుకోవడం. ఒక నట్టు నా అరచేతిలో పెట్టి, "కండ్లు మూసుకో. ఏ సైజు?" అని అడిగేవాడు. తప్పు చెబితే పొద్దంతా ఇంకేపనీ ఉండేది కాదు. ఆ రోజుల్లో మా దగ్గరికి రెండు జాతుల బండ్లు వచ్చేవి. పెద్దబండ్లకు అంగుళాల లెక్క నట్లు, చిన్నబండ్లకు మిల్లీమీటర్ల లెక్క నట్లు. ఒకదాని పానా రెండోదానికి దాదాపుగా పడుతుంది. ఆ దాదాపులోనే ఉంది మోసమంతా.

ఒకసారి మిల్లీమీటర్ల నట్టుకు అంగుళాల పానా వేసి, సందులో రేకుముక్క దూర్చి తిప్పాను. అందరూ చేసేదే. నట్టు గుండ్రమైపోయింది. కొడతాడనుకొని వీపు బిగబట్టి నిలబడ్డాను. ఉస్తాదు కొట్టలేదు. ఆ నట్టును ఉలితో తీసి నా చొక్కా జేబులో వేశాడు.

"మూడు రోజులు జేబులనే ఉండనియ్యి. చెయ్యి పెట్టినప్పుడల్లా యాదికొస్తది" అన్నాడు. తర్వాత మెల్లగా, "పానాకు బలం గాదు బేటా, సైజు గావాలె. నీకు బలం పెట్టబుద్ధయితున్నదంటె తప్పు పానా పట్టుకున్నవన్నట్టు" అన్నాడు.

సొంతంగా చేసుకునేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. దుకాణానికి పోయి మెరుస్తున్న పానాల పెట్టె కొనకండి. ముందు మీ బండి ముందు పీట వేసుకొని కూర్చోండి. ఏ సైజు నట్లు ఎన్ని ఉన్నాయో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ సైజులే కొనండి, అవి కూడా నట్టును చుట్టూ పట్టుకునే రింగు పానాలు కొనండి. మిగిలిన డబ్బుతో ఇంట్లోవాళ్లకు ఏదైనా తీసుకెళ్లండి.

ఇంకో మాట. ఏది విప్పాలో తెలియడం కన్నా ఏది విప్పకూడదో తెలియడం ముఖ్యం. మా చిన్నాయిన ఒకసారి సుత్తీ ఉలీ పట్టుకొని ఇంజనంతా ఊడదీశాడు. వారం తర్వాత బండిని ఎడ్లబండి మీద వేసుకొని జనగామకు తెచ్చాడు. "అన్ని బిగిచ్చినరా మల్లేశం. బండి నడుస్తలేదు గని, నాలుగు సామాన్లు ఎక్కువైనయి" అని చేతిరుమాలు విప్పి చూపించాడు. ఎప్పుడూ నవ్వని ఉస్తాదు ఆరోజు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

సంచి మార్చుడు

ఇప్పుడు రాసేది మా వృత్తివాళ్లకు నచ్చదు. కొత్తబండి సీటు కింద ఒక రెక్సిను సంచి వస్తుంది, అందులో కంపెనీ ఇచ్చిన పానాలుంటాయి. ఆ రోజుల్లో అవి మంచి ఉక్కువి. బండి మొదటిసారి షెడ్డుకు వచ్చిందంటే ఆ పానాలు మా బల్ల మీదికి చేరేవి. నోళ్లు అరిగిపోయిన మా పాత పానాలు ఆ సంచిలోకి పోయేవి. దీన్ని మేము దొంగతనం అనుకోలేదు. సంచి మార్చుడు అనేవాళ్లం, నూనె మార్చుడు అన్నంత తేలికగా. బండి యజమాని ఆ సంచి ఎన్నడూ విప్పడు కదా అనేది మా ధీమా.

ఉస్తాదు కూడా ఇందుకు అడ్డు చెప్పేవాడు కాదు. కాని ఆయనకొక హద్దుండేది. "సంచిల ఏదన్న మార్చుండ్రి, ప్లగ్గు పానాను మాత్రం ముట్టొద్దు. మిగిలినయి లేకున్నా బండి ఎట్లనో అట్ల ఇంటికి చేరుతది. ప్లగ్గు రాకుంటె నడితొవ్వల నిలవడతది. బండి మీద ఆడోళ్లుంటరు, చిన్నపిల్లలుంటరు" అనేవాడు. చిన్నబండ్లలో పెట్రోలుతోపాటు నూనె కూడా మండుతుంది. ఆ మసి ప్లగ్గుకు పట్టుకుంటే నిప్పురవ్వ రాదు, బండి ఆగిపోతుంది. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దితేనో, కొత్తది బిగిస్తేనో మళ్లీ నడుస్తుంది. రెండు నిమిషాల పని. కాని దాన్ని విప్పాలంటే గొట్టంలాంటి ప్లగ్గు పానా ఒక్కటే దారి.

ఉస్తాదు దగ్గర ఉన్నన్నాళ్లు ఆ హద్దు నేనూ దాటలేదు.

వెంకటరాజం సారు

డెబ్బైల చివర్లో మానుకోటలో నా సొంత షెడ్డు పెట్టుకున్నాను. నాలుగు వాసాలు, పైన తాటాకు, ఎదురుగా చాయ్ హోటలు. కొత్తగూడ అడవి ఊళ్లలో బడి చెప్పే వెంకటరాజం సారు అక్కడే నాకు పరిచయమయ్యాడు. ఆయనది జనగామ పక్క పల్లె. మా యాస వినగానే, "నువ్వు మనోడివే" అని కూర్చున్నాడు. అప్పుడే చిన్నబండి కొత్తది కొనుక్కున్నాడు. అడవిలో మెకానిక్కు లేడు, బస్సు పొద్దున ఒకటి, అంతే. అందుకే తన బండి తానే బాగుచేసుకోవడం నేర్చుకుంటానన్నాడు.

"పైసలు మిగిలిచ్చుకునేటందుకు గాదు మల్లేశం. గక్కడ నడుమంత్రంగ ఏమన్నయితె ఎవలను పిలువాలె? నాకు పని నేర్పు. ఏ సామాను గావాల్నో నువ్వే ఏరిపెట్టు" అన్నాడు.

ఆయనకు పని నేర్పడం నాకెంతో ఇష్టంగా ఉండేది. ఆదివారం వచ్చేవాడు. తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతో నేల మీద కూర్చునేవాడు. బడి పంతులు కదా, నేను ఒకటి చెబితే మూడు ప్రశ్నలు వేసేవాడు, నోటుబుక్కులో బొమ్మలు గీసుకునేవాడు. వస్తూ వస్తూ తునికిపండ్లో, సీసాలో తేనెనో తెచ్చేవాడు. ఒకటి రెండుసార్లు భార్య సుగుణమ్మను, ఆరేళ్ల బిడ్డ పద్మను కూడా తీసుకొచ్చాడు. పద్మకు బండి హారనంటే ప్రాణం. టాంకు మీద కూర్చొని హోటలంతా తలలు తిప్పి చూసేదాకా మోగించేది. సుగుణమ్మ కోప్పడేది. సారు మాత్రం, "మోగియ్యనీ, బ్యాటరీ నేనే చార్జి చేస్కుంట. నాకిప్పుడు వచ్చు గద" అని నవ్వేవాడు.

ఆయన సంచి నేనే సర్దాను. బండికున్న నట్లు చూసి ఏరిన నాలుగు రింగు పానాలు. కార్బురేటరుకు పొట్టి స్క్రూ డ్రైవరు, ఇంకోటి పొడుగుది. ఒక కటింగ్ ప్లేయరు. క్లచ్చు తీగ. గరుకు కాగితం ముక్క. గుడ్డలో చుట్టిన కొత్త ప్లగ్గు, దాంతోపాటు కంపెనీ ఇచ్చిన ప్లగ్గు పానా. సుత్తి అడిగాడు, వద్దన్నాను. చేతిలో సుత్తి ఉంటే కొట్టబుద్ధవుతుందని చెప్పాను. ప్లగ్గు విప్పడం ఆయనతో పదిసార్లు చేయించాను. పదోసారి గడియారం చూసుకొని, "రెండు నిమిషాలు" అన్నాడు. పిల్లవాడు పరీక్షలో పాసైనంత సంబరం ఆ ముఖంలో.

వానలకు ముందు ఒకరోజు సారు బండి సర్వీసుకు వదిలి, బడి పని మీద వరంగల్ పోయాడు. సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు. అదేరోజు నా ప్లగ్గు పానా చీలింది. గొట్టం నోటి దగ్గర సన్నటి చీలిక. చూస్తే కనబడదు. బలం పెట్టినప్పుడు మాత్రం నోరు విచ్చుకొని ప్లగ్గు మీద జారుతుంది. దంతాలపల్లి పటేలు బండి ముందర పెట్టుకొని నిలబడ్డాడు.

"ఏందిరా, ఇంకెంతసేపు? పెండ్లికి పోవాలె నేను" అని గదమాయించాడు.

సారు సంచి విప్పి అందులోని ప్లగ్గు పానా తీశాను. పటేలు బండి పూర్తి చేశాను. పటేలు వెనకనే ఇంకో గిరాకి వచ్చాడు. రేపు కూడా పనుంటుంది కదా అనుకున్నాను. వరంగల్ పోయినప్పుడు కొత్తది తెచ్చి సారు సంచిలో వేద్దామనుకొని, అప్పటికి నా చీలిన పానాను అందులో పెట్టాను. ఆ తర్వాత వరంగల్‌కు రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మరిచిపోయాను. సారు నా దగ్గరికి వస్తూనే ఉన్నాడు. నా బల్ల మీదున్న తన పానాతోనే, అది తనదని తెలియక, ప్లగ్గులు విప్పడం సాధన చేస్తూనే ఉన్నాడు.

వెదురు లారీ

తర్వాత విన్నది రాస్తున్నాను. జడివాన పట్టిన రోజులు. పద్మకు పొద్దుటినుంచి వాంతులు, విరేచనాలు. ఊళ్లో ఇచ్చిన మందు కడుపులో నిలవలేదు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మధ్యాహ్నం సారు బండి తీశాడు. వెనక సుగుణమ్మ, ఒళ్లో దుప్పటి చుట్టిన పిల్ల. మానుకోట దవాఖానకు బయలుదేరారు. అడవి దాటకముందే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది.

అప్పుడే వెనకనుంచి వెదురు లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కుండ్రి సారూ, ముందల జాగున్నది" అన్నాడు. సుగుణమ్మ పిల్లను ఎత్తుకొని లారీ దాకా పోయింది. సారు అప్పటికే సంచి విప్పుతున్నాడు.

"ఎందుకు సుగుణా, ఆ లారీ మెల్లగ పోతది. ప్లగ్గుకు మసి పట్టింది, గంతే. రెండు నిమిషాల పని. లారీ కంటె ముందు పోతం" అన్నాడు. డ్రైవరుకు చెయ్యి ఊపాడు. లారీ వెళ్లిపోయింది.

పానా జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. బలం పెట్టాడు. ప్లగ్గు మూలలు అరిగిపోయాయి. ప్లేయరుతో పట్టుకొని తిప్పాడు, అరచేయి చీరుకుపోయింది. కొత్త ప్లగ్గు గుడ్డలో సిద్ధంగానే ఉంది, పాతది రాదు. వాన. ఆ దారిన ఇంకో బండి రాలేదు. రెండు గంటలు చూసి, బిడ్డను భుజాన వేసుకొని నడిచారు. నడవగా నడవగా ఒక ఎడ్లబండి దొరికింది. వాళ్లు మానుకోట చేరేసరికి దీపాలు పెడుతున్నారు. దవాఖానలో సెలైను ఎక్కించారు. పద్మ గంటసేపు కూడా లేదు. డాక్టరు బాధపడుతూ, "జర ముందుగాల తేవాల్సుండె సారూ" అన్నాడట.

మర్నాడు తెలిసి దవాఖానకు పరుగెత్తాను. సారు మెట్ల మీద కూర్చొని ఉన్నాడు, చేతికి గుడ్డ కట్టు. నన్ను చూసి, "బండి ఆడనే పడున్నది మల్లేశం" అన్నాడు. "నేను తెస్త సార్" అన్నాను.

లారీ ఒకటి మాట్లాడుకొని పోయాను. బండి తొవ్వ పక్కన చెట్టుకు ఆనించి ఉంది. బురదలో పానాలన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ప్లగ్గు పానా నోటి దగ్గరి చీలిక వేలు పట్టేంత విచ్చుకొని ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఏడ్చాను. ఆ తర్వాత నేను చేసిన పనే నా బతుకంతటిలో నీచమైన పని. ఆ పానాను నా జేబులో వేసుకున్నాను. బండిని షెడ్డుకు తెచ్చి ఉలితో ప్లగ్గు ఊడగొట్టి కొత్తది బిగించాను. బల్ల మీదున్న సారు పానాను తుడిచి, తిరిగి ఆయన సంచిలో పెట్టాను.

మళ్లీ నేర్పమని వచ్చాడు

నెల తర్వాత సారు వచ్చాడు. గడ్డం పెరిగింది. ఎప్పటిలాగే తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించాడు. బండి ముందు కూర్చున్నాడు.

"జర మళ్ల నేర్పు మల్లేశం. నేను ఎక్కడ తప్పు చేసిన్నో తెలుసుకోవాలె" అన్నాడు.

నేను కదలలేదు. ఆయనే సంచి విప్పి ప్లగ్గు పానా తీశాడు. పెట్టాడు, తిప్పాడు. ప్లగ్గు మెత్తగా విడివడి చేతిలోకి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"గింత అలకగ వస్తది గదనయ్యా. మరి నాడెందుకు రాలే? నా చేతులకేమయింది?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. హోటలు ముందు నలుగురు కూర్చొని ఉన్నారు. షెడ్డు పెట్టి రెండేళ్లు కాలేదు. పంతులు బిడ్డను చంపినవాడు అంటారని భయపడ్డాను. మౌనంగా ఉన్నా ఒక రకంగా పోయేది. నేను అంతటితో ఆగలేదు.

"భయం మీద చేతులు వణికి ఉంటయి సార్. పానా సక్కగ కూసోకపోయుంటది" అన్నాను.

ఆయన తలూపాడు. "అయితె తప్పు నాదే" అన్నాడు. ప్లగ్గు మళ్లీ బిగించి, చేతులు కడుక్కొని, చొక్కా వేసుకున్నాడు. "సుగుణ గూడ గదే అంటున్నది" అని బయలుదేరాడు. ఆ బండిని ఆ నెలలోనే అమ్మేశాడు. బదిలీ మీద ఎటో వెళ్లిపోయాడు. నేను ఎటని అడగలేదు. తెలిస్తే పోవలసి వస్తుందని అడగలేదు.

ఆ తర్వాత నా షెడ్డులో సంచి మార్చుడు లేదు. పనివాళ్లెవరైనా గిరాకి సంచిలోనుంచి స్క్రూ డ్రైవరు తీసినా అక్కడికక్కడే పంపించేశాను. నా దగ్గరికి వచ్చిన ప్రతి బండి ప్లగ్గు పానాను తీసి వెలుగులో తిప్పి చూసేవాణ్ని. మల్లేశం నిజాయితీపరుడని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల ఏదో కుళ్లిపోతున్నట్టుండేది. పనిలో తప్పు అందరూ చేస్తారు. నేను చేసిన తప్పుకు నన్ను నేను ఎప్పటికైనా క్షమించుకునేవాణ్నేమో. ఆ తప్పును తీసుకుపోయి ఆయన చేతుల్లో పెట్టాను చూడండి, దానికి మాత్రం క్షమ లేదు.

భూపాలపల్లి

ఎనభైల్లో భూపాలపల్లి వైపు బొగ్గు గనుల పని మొదలైంది. జీతాలందుకునే కుర్రకారు బండ్లు కొంటున్నారని విని షెడ్డు అక్కడికి మార్చాను. ఒకరోజు శ్రీహరి అనే గని కార్మికుడు బండి తెచ్చాడు. మాటల్లో వాళ్ల బావ పంతులని, కొత్తగూడలో పనిచేసేవాడని చెప్పాడు.

"ఏ పంతులు?" అన్నాను.

"వెంకటరాజం సారని. పోయి ఆరు నెలలాయె. గుండెజబ్బు. మా అక్కను నేనే తెచ్చుకున్న. గీ కాలనీల్నే ఉంటున్నది" అన్నాడు.

చేతిలోని పానా కింద పెట్టాను. శ్రీహరి చెబుతూనే ఉన్నాడు. "మంచి మనిషన్నా. ఆఖరుకు బాగ తక్లీఫ్ పడ్డడు. బిడ్డ పోయినప్పటిసంది మా అక్క ఆయనతోటి సక్కగ మాట్లాడలే. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది. మాట మాత్రం లేదు. ఆయన గూడ ఎన్నడు ఎదురు చెప్పలే. తప్పు నాదే అనేటోడు."

ఆ రాత్రంతా నిద్ర లేదని రాస్తే అదొక గొప్పగా ఉంటుంది. నిద్ర పట్టింది. పొద్దున లేవగానే మాత్రం ఇక పోకుండా ఉండలేనని తెలిసింది. షెడ్డు తెరవకుండా కాలనీకి పోయాను.

సుగుణమ్మ వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతున్నది. జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. "మల్లేశమన్నా! కూసో" అని చాట పక్కన పెట్టి పీట వేసింది. చాయ్ పెడతానని లేవబోయింది. వద్దన్నాను. కూర్చోమన్నాను. నిలబడే చెప్పాను. పటేలు తొందర, చీలిన పానా, వరంగల్‌లో మరిచిపోవడం, బురదలో జేబులో వేసుకోవడం, బల్ల మీది పానా తిరిగి సంచిలో పెట్టడం, చేతులు వణికి ఉంటాయని నేనన్న మాట. ఒక్కటీ వదలలేదు. సారుది ఏ తప్పూ లేదమ్మా, ఆ పానాతో మా ఉస్తాదు కూడా ప్లగ్గు విప్పలేడు అని చెప్పాను.

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నిలబడి ఎదురుచూశాను. లోపల శ్రీహరి పిల్లలు కొట్లాడుకుంటున్నారు. చాటలోని బియ్యాన్ని ఊరకే ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు జరిపింది.

"ఆయన చేతులు వణకలేదన్నా. నేను పక్కనే ఉన్న గద, చూసిన" అంది. "లారీ పోయినప్పుడు ఆయన నవ్విండు. రెండు నిమిషాలు సుగుణా అని. ఆ నవ్వు మీదనే నాకు కోపం. బిడ్డ పానం పోతుంటె ఇంత మొండితనమా, నేర్సుకున్న పని చూపిచ్చుకునేటందుకు లారీని పంపిండు అని."

"తప్పు నాదమ్మా" అన్నాను.

ఆమె నా మాట విన్నట్టు లేదు.

"ఆఖరు దినం మంచినీళ్లడిగిండు. తెచ్చిన. చెయ్యి చాపిండు. నేను గిలాస మంచం పక్కన నేల మీద పెట్టి పోయిన, చేతికియ్యలే. మళ్లొచ్చి చూసేటాలకు నీళ్లు గట్లనే ఉన్నయి." ఆమె అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూసింది. "ఈ మాట నాడే చెప్పుంటె చేతికిద్దును గదన్నా."